శోధకి చెప్పిన పేరు

రెండువేల ఎనభై ఒకటి నాటికి కాకినాడలో పెట్రోలు వాసన ఎరిగినవాళ్లు ముసలివాళ్లే. కార్లన్నీ నాచునూనెతో నడిచేవి. సముద్రపు నాచును తొట్లలో పెంచి పిండిన ఆ నూనె చవక, పొగ రాదు. ఒక్కటే తంటా. చెంబెడు ఉప్పునీళ్లు కలిస్తే చాలు, ట్యాంకులో పెరుగులా తోడుకుపోయి ఇంజను ఆగిపోయేది.

ఆ తంటా తీర్చడానికే శాస్త్రజ్ఞులైన సువర్చల, ఆమె భర్త కామేశం ఏళ్లపాటు కష్టపడి శోధకిని తయారుచేశారు. చూపుడువేలంత యంత్రపు గొంగళిపురుగు అది. ట్యాంకులోకి వదిలితే తోడుకున్న నూనెను తాగి, ఉప్పునీటిని తోకకున్న సన్నని గొట్టంలోంచి బయట బకెట్టులోకి పంపి, మంచి నూనెను ట్యాంకులోనే విడిచేది. ఇంటిదగ్గరే పనైపోయేది, మెకానిక్కు అక్కర్లేదు. దానికి నోరు పెట్టింది మాత్రం సువర్చల. ఏం కలిసిందో, ఎప్పుడు కలిసిందో శోధకి చెప్పేది. ఉప్పుతోపాటు మూతకు అంటుకున్న చర్మకణాల డీఎన్‌ఏను చదివి, ఆ ఇంటివాళ్లదైతే ఎవరి చెయ్యో కూడా చెప్పేది.

విశాఖపట్నంలో ఇంధన మండలి ముందు శోధకిని చూపించాల్సిన రోజు పొద్దున్నే సువర్చల కారు గేటు దాటకుండానే దగ్గి ఆగిపోయింది. మూత తీస్తే పులిసిన వాసన.

"బంకువాడి కల్తీ అయ్యుంటుంది," అన్నాడు కామేశం.

"పోన్లెండి, మన పురుగుకిదే పరీక్ష," అంటూ ఆమె శోధకిని లోపలికి వదిలింది. బకెట్టులోకి మురికినీళ్లు కారి, కాసేపటికి ఆగాయి. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. సువర్చల చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"బయల్దేరింక, టైమవుతోంది."

"ఉండండి, ఎలా కలిసిందో అడుగుదాం."

"ఇప్పుడెందుకే అదంతా?"

ఆమె అప్పటికే అడిగేసింది.

"సముద్రపు నీరు. నిన్న సాయంత్రం పోశారు. చెయ్యి కామేశం గారిది," అంది శోధకి.

సువర్చల నవ్వబోయి, భర్త ముఖం చూసి ఆగిపోయింది.

"మండలి పంపిన పిలుపులో నీ పేరొక్కటే వేశారు," అన్నాడతను బకెట్టు వంక చూస్తూ. "నూనె వడగట్టే దీని కడుపు తయారుచేసింది నేను. ఇవాళ నువ్వెళ్లకపోతే మళ్లీ ఇద్దర్నీ కలిపి పిలుస్తారనుకున్నాను."

"నన్నడిగితే నేనే రాయించేదాన్ని కదండీ."

"నా పేరు కోసం నిన్నడగాల్సి రావడం ఉంది చూశావా. అదే."

ఆమె శోధకిని తుడిచి పెట్టెలో పెట్టుకొని బయల్దేరింది. అన్నవరం దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే నడిపింది.

మండలివాళ్లు ఐదుగురూ శోధకి పనితనం చూసి మెచ్చుకున్నారు. అధ్యక్షురాలు త్రిపురాంబ దాన్ని అరచేతిలో పెట్టుకొని మురిసిపోయింది.

"మేం పరీక్షించిన కార్లలో చాలావాటికి కల్తీ బంకులో జరగలేదండీ, ఇంట్లోనే జరిగింది," అంది సువర్చల. "కింద మీ కార్లున్నాయిగా, ఇప్పుడే వదిలి చూపిస్తాను."

ఎవరూ లేవలేదు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన ఇవాళ కారు తేలేదన్నాడు. త్రిపురాంబ పురుగును మెల్లగా బల్లమీద పెట్టేసింది.

"చాలా బాగుందమ్మా. ఆ నోరొక్కటీ తీసెయ్యండి."

"అది అబద్ధం చెప్పదండీ."

"అందుకే తీసెయ్యమంటున్నాం. బంకువాడే చేశాడనుకుంటే ఇళ్లు నిలబడతాయి. ఇంట్లోవాళ్ల పేరు చెప్పే పురుగుని ఎవరు కొంటారు?"

సువర్చల పురుగును తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది. పొద్దున్న ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండేదని దారి పొడవునా అనుకుంటూ వచ్చింది తనే. ఒప్పందం మీద సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి కామేశం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు. నోరు తీసెయ్యమన్నారు."

అతని భుజాలు సడలాయి. "మంచిదేలే," అన్నాడు. "మరి పేర్లు?" అని అడిగాడు.

"మీదే ముందు వేయించాను."

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె పెట్టె అందించి లోపలికి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగేసరికి నోరులేని శోధకి ఇంటింటికీ చేరింది. జనం పొద్దున్నే దాన్ని ట్యాంకులోకి వదిలి, బంకువాణ్ణి తిట్టుకుంటూ ఆఫీసులకు వెళ్లేవారు. సువర్చల మాత్రం తన కారు ట్యాంకు మూతకు పాతకాలపు ఇనుప తాళం వేయించి, తాళంచెవిని పుస్తెలతాడుకు తగిలించుకుంది.