సూదుల మీద సంతకం

పోలీసుల రిపోర్టు ప్రకారం నాణ్యతా పరీక్షల అధికారి మెట్ల మీద నుంచి జారిపడి చనిపోయాడు. జారిపడ్డ మనిషి వీపులో బుల్లెట్ ఎందుకుందని ఆ రిపోర్టు రాసినవాడూ అడగలేదు, కింద సంతకం గిలికినవాడూ అడగలేదు.

"ఆయన టేబుల్ మీద ఒక్క కాగితమే దొరికింది," అన్నాడు చీఫ్. "'ఈ ఫ్యాక్టరీలో సూదులు తయారు కావడం లేదు.' మిగతా ఫైలంతా మాయం."

"ఏ సూదులు సార్?" అన్నాడు ఏజెంట్ నైన్.

"కుట్టుమిషన్ సూదులు. ఈ రోజు పదకొండింటికి వాణిజ్య మంత్రి వాటి దిగుమతిని నిషేధిస్తూ సంతకం పెడుతున్నాడు, ఆ ఫ్యాక్టరీలోనే, కెమెరాల ముందు. స్వదేశీ పరిశ్రమని కాపాడటానికట! ఆ పరిశ్రమ మొత్తం ఆ ఒక్క ఫ్యాక్టరీనే. దాని వెనక ఉన్నది పొరుగు దేశపు బట్టల కంపెనీల ముఠా."

ఇక చెప్పనక్కర్లేదు. నైన్ అక్కకి నలభై మిషన్ల కుట్టు షాపుంది. ఎనిమిది గంటలకోసారి సూది మార్చకపోతే బట్ట చిరుగుతుంది. సూదులు రాకపోతే వారంలో మిషన్లు మూలనపడతాయి, చొక్కాల ఆర్డర్లన్నీ సరిహద్దు దాటిపోతాయి. ఇంత పనికి బాంబెందుకు, మంత్రి ఉండగా?

"నిజంగా సూదులు చేసేవాడుంటే నాలుగేళ్ళు అడ్డుగోడ కట్టి కాపాడినా అర్థముంది," అన్నాడు చీఫ్. "వీళ్ళు చేసేదల్లా విదేశీ సూదుల మీద లేబుల్ మార్చడం. సరుకంతా ముందే దాచేశారు. రేపటి నుంచి వాళ్ళు చెప్పిందే ధర. రుజువు కావాలి. ఇదిగో, పెన్ కెమెరా."

నైన్ నొక్కి చూశాడు. పలకలేదు.

"బ్యాటరీ సార్?"

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "పోయినేడు బ్యాటరీల దిగుమతి కూడా నిషేధించారు. మనవాళ్ళు చేసేవి కారిపోతున్నాయి."

దేశాన్ని రక్షించే శాఖ పరిస్థితి ఇది.

తొమ్మిదిన్నరకి నైన్ అక్క షాపులో మెకానిక్ వేషం వేసుకున్నాడు. ఖాకీ చొక్కా, నూనె మరకలు, చేతిలో పనిముట్ల పెట్టె. అమ్మ పోయాక ఆ మిషన్ల మధ్యే అక్క అతన్ని పెంచింది. కాజాలు తీయడం, సూది ఎక్కించడం, తన్నులు తినడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు.

"నా దగ్గరున్న సూదులు శుక్రవారం దాకా వస్తాయిరా," అంది అక్క. "ఆ తర్వాత ఈ నలభై మంది ఆడవాళ్ళకి ఏం చెప్పమంటావు? ఇంటికెళ్ళి దేశభక్తి వండుకోమని చెప్పనా?"

నైన్ పెట్టె తీసుకుని బయల్దేరాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, పొడుగు చెవిపోగులు, చేతిలో చిన్న హ్యాండ్‌బ్యాగు. ఓనరుకి సెక్రటరీ, మన శాఖకి ఇన్ఫార్మర్. రెండు చోట్లా ఆమెని మేడమ్ సిల్క్ అనే పిలుస్తారు.

"తెల్లదారం ఉందా?" అన్నాడు నైన్.

"అయిపోయింది. నల్లది మిగిలింది."

కోడ్ కుదిరింది. ఆమె నవ్వి లోపలికి దారి చూపించింది. హాల్లో అడుగుపెట్టగానే నైన్‌కి ఒళ్ళు మండింది. సూదులు సానపట్టే చోట నేల నూనెతో, ఇనుపరజనుతో నల్లగా ఉండాలి. ఇక్కడ పసిపాపని పడుకోబెట్టొచ్చు. మిషన్లకి పూలదండలు వేశారు గానీ కరెంటు తీగలు తగిలించడం మరిచిపోయారు. ఈ మాత్రం నాటకానికా ఒక నిజాయితీపరుణ్ణి చంపింది?

స్టేజి పక్కకి చేరగానే పక్కటెముకలకి గట్టిగా ఏదో తగిలింది. హ్యాండ్‌బ్యాగు. అందులో పిస్టల్.

"కదలకు," అంది మేడమ్ సిల్క్ మెల్లగా. "సంతకం అయ్యేదాకా ఇద్దరం చప్పట్లు కొడదాం."

పదకొండుకి అయిదు నిమిషాలు. స్టేజి మీద బల్ల, బల్ల మీద ఫైలు. పక్కన ఒక కుట్టుమిషన్, సూదుల ప్యాకెట్లు. మైకు ముందు ఓనరు గుండె బాదుకుంటున్నాడు. "ముప్పై ఏళ్ళు! ఈ చేతులతో సూదులు సానపట్టి, ఈ చేతులతో కుట్టి చూసుకున్నవాణ్ణి!"

నైన్ గొంతెత్తాడు. "అయ్యా! అయితే మొదటి సూది మీ చేతులతోనే ఎక్కించండి!"

బ్యాగు పక్కటెముకల్లో ఇంకాస్త దిగింది. కానీ ఇన్ని కెమెరాల ముందు మెకానిక్‌ని కాల్చడం ఎంత సిల్క్‌కైనా కష్టమే. జనం చప్పట్లు కొట్టారు. ఓనరు తప్పించుకోలేక సూది బిగించి, దారం ఎక్కించి, పెడల్ తొక్కాడు.

దారం ఠప్పున తెగింది. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ తెగింది.

"మిషన్ బాగోలేదేమో. సంతకం కానిచ్చేద్దాం," అని మంత్రి పెన్ను తీశాడు. టీవీలో తను ఎలా కనిపిస్తాడన్నది తప్ప ఆయనకి ఇంకో దిగులు లేదు. సంతకంలో సగం కాగితం మీద పడింది కూడా.

నైన్ ఒక్క దూకులో స్టేజి ఎక్కి ఫైలు మీద అరచెయ్యి పరిచాడు.

"మిషన్ బాగానే ఉంది సార్. సూదికి పొడుగు గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కాలి. ఈయన వెనక నుంచి ఎక్కించాడు. మా అక్క దగ్గర పనిలో చేరినవాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠం ఇది. ముప్పై ఏళ్ళలో ఈయనకి రాలేదు!"

ప్యాకెట్ అందుకుని, గోటితో లేబుల్ ఒలిచాడు. కింద పొరుగు దేశపు కంపెనీ ముద్ర. కెమెరాలన్నీ దాని మీదికి వంగాయి.

నైన్ తిరిగి చూశాడు. మేడమ్ సిల్క్ స్టేజి ఎక్కేసింది. ఆమె హ్యాండ్‌బ్యాగు ఇప్పుడు ఓనరు పక్కటెముకల్ని తాకుతోంది.

"ఆ అధికారిని కాల్పించింది వీడే," అంది సిల్క్ మైకులో, కళ్ళు తుడుచుకుంటూ. "నేను మొదటి నుంచీ దేశం వైపే."

సాయంత్రానికి ఓనరు లాకప్‌లో ఉన్నాడు. కుట్రని స్వయంగా పసిగట్టి పెన్ను ఆపేశానని మంత్రి టీవీలో చెప్పుకున్నాడు. అక్క షాపులో నలభై మిషన్లూ నడుస్తున్నాయి. అక్క మిషన్ మీంచి తలెత్తకుండానే, "ఖాకీ చొక్కా ఉతికి ఇవ్వు," అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయని నైన్ చూశాడు. చూడనట్టే బయటికొచ్చాడు.

మర్నాడు పెన్ కెమెరాని చీఫ్ బల్ల మీద పెట్టి అడిగాడు.

"దీని బ్యాటరీ సంగతేంటి సార్?"

"నిషేధం ఎత్తేయమని అర్జీ పెట్టి ఏడాదైంది. ఆ మంత్రిగారి బల్ల మీదే ఉంది."

"సంతకం పెట్టలేదా?"

"ముందు వెనకలు ఆలోచించాలట," అన్నాడు చీఫ్.