మామగారు మరిచిన ఎత్తు

వంటింట్లో ఉన్నా కోడలి చెవులు ముందుగదిలోనే ఉన్నాయి. అక్కడ మామగారూ మనవరాలూ చదరంగం ముందు కూర్చున్నారు. రేపే పోటీ. గెలిస్తే పిల్లకి పెద్ద శిక్షణ కేంద్రంలో చోటు దొరుకుతుంది. ఆ ఆలోచనతో ఆమెకి కంటిమీద కునుకు లేదు.

మామగారు ఒకప్పుడు రైలు డ్రైవరు. వందేళ్లనాటి ఉద్దండుల ఆటలు ఆయనకి కంఠతా వచ్చు. బల్లమీద వాటిని ఆడి చూపిస్తూ మధ్యలో ఆపి, "నువ్వైతే ఏ ఎత్తు వేస్తావు?" అని అడిగి, పిల్ల ఆలోచించి చెప్పాకే అసలు ఎత్తు చూపించేవారు. అందరూ పిడుగు అని పిలిచే ఆ పిల్ల అలాగే ఇంతదైంది. కానీ ఈమధ్య వాళ్లు రోజూ ఆ పాత ఆటల్లో ఒక్కదాన్నే ఆడుతున్నారు. కోచ్ చూడమన్న కొత్త ఆటలు కంప్యూటర్లోనే ఉండిపోయాయి.

"తాతలు నేతులు తాగారంటే నీ మూతి వాసన చూసి కప్పు ఇచ్చేస్తారటే?" ఆమె విసురుగా వచ్చింది.

"అయిపోవచ్చిందమ్మా," అంటూ మామగారు గుర్రాన్ని ఎత్తారు. చెయ్యి గాల్లోనే ఆగింది. చివరికి ఎక్కడో పెట్టారు.

"భలే ఎత్తు తాతయ్యా!" అంది పిడుగు.

ఆమెకి ఒళ్లు మండింది. బల్ల లాగేసింది. పావులన్నీ నేలమీద దొర్లాయి. పిడుగు లేచి, తల్లి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు వేసింది.

"అమ్మా, ఆ పాత ఆటలన్నీ నాకొచ్చు. మర్చిపోతున్నది తాతయ్య. ఆ ఒక్కటైనా మిగులుతుందని రోజూ నేనే ఆడిస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఆట మాన్పిస్తావు. ఇప్పుడు చేసిందేమిటి మరి?"

ఆమెకి ఇంకొకటి గుర్తొచ్చింది. మొన్న మామగారు తనని ఆడపడుచు పేరుతో పిలిస్తే, పరాకు ఎక్కువైందని విసుక్కుంది కూడా. గబగబా తలుపు తీసింది.

ఆయన నేలమీద పావులు ఏరుకుంటున్నారు. "గుర్రం వెళ్లాల్సింది అక్కడికి కాదు కదమ్మా?" అన్నారు తలెత్తకుండా. "ఇదివరకు నేను తప్పు ఎత్తు వేస్తే పిడుగు నా చెయ్యి పట్టుకుని దెబ్బలాడేది. ఇప్పుడు భలే అంటోంది. అప్పుడే తెలిసిపోయింది నాకు."

"మామయ్యా..."  ఆమె పక్కనే కూలబడింది. "డాక్టరుకి చూపిద్దాం. నేను తీసుకెళ్తాను. ఆట మాత్రం మానొద్దు. పిడుగూ, ఇలా రా. తాతయ్య తప్పు ఎత్తు వేస్తే తప్పని చెప్పు. జాలి పడకు."

పిడుగు కళ్లు తుడుచుకుని, చెదిరిన పావులన్నీ తడుముకోకుండా మళ్లీ పేర్చింది. గుర్రాన్ని సరైన గడిలో పెట్టింది.

"ఎందుకని?" అడిగారు మామగారు. "మంత్రి పోతుందిగా?"

"పోనీ తాతయ్యా. దాన్ని తిన్నాక వాళ్ల రాజుకి దారేదీ?"

ఆయన బల్లమీదికి వంగి చాలాసేపు చూశారు. చూస్తూ చూస్తూ నవ్వారు.

"దొంగపిల్లా! ఇది నీకెవరు నేర్పారే?"

"మీరే," అంది పిడుగు. తల్లి మొహం తిప్పుకుని కొంగుతో కళ్లొత్తుకుంది.