మరిడమ్మ వేలిముద్ర

గోడమీది పెట్టె మూడోసారి కూడా ఎర్రలైటే వెలిగించింది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ యామిని వైర్లన్నీ విప్పి చూసింది. సెన్సర్ బాగానే ఉంది, సర్వర్ బాగానే ఉంది. బాగోలేనిదల్లా రొయ్యల ఫ్యాక్టరీ యజమాని సుదర్శనరావు ముఖం.

ఆ పెట్టె సంగతి చెబుతాను. ఇప్పుడు కాకినాడలో ఏ కంపెనీకి వెళ్లినా గోడకి ఒకటి ఉంటుంది. జనం దాన్ని 'తాడు' అంటారు. కంపెనీలో అందరికన్నా తక్కువ జీతం ఎంతో, దానికి ముప్ఫై రెట్లు మించి యజమాని చేతికి రాదు. మించిన ప్రతి రూపాయినీ అది అక్కడికక్కడే సర్కారు ఖాతాలోకి లాగేస్తుంది. తనకి ఎక్కువ కావాలంటే కిందివాళ్లకి పెంచక చస్తాడా అని యామిని ఆలోచన. ఉత్తుత్తి కాగితాలు చూపిస్తారని, కొత్త జీతానికి ఆ పనివాళ్ల వేలిముద్ర పడాలంది. తక్కువ జీతగాళ్లని పనిలోంచి తీసేయడానికీ వీల్లేదంది. ఇంత ఆలోచించిన మహాతల్లికి, పెంచుతామంటే వద్దనేవాళ్లుంటారని మాత్రం తట్టలేదు.

మరిడమ్మ వద్దంది. రొయ్యల తలలు తుంచే షెడ్డులో అందరూ వేలిముద్ర వేసి జీతం పెంచుకున్నారు, ఆమె తప్ప. ఆ ఒక్క పాత జీతాన్ని పట్టుకునే పెట్టె ఎర్రలైటు వెలిగిస్తోంది.

ఐదేళ్ల కిందట ఆమె భర్త నూకరాజు ఇక్కడి కోల్డ్ స్టోరేజీలోనే అమ్మోనియా లీకై చనిపోయాడు. పాత వాల్వు మార్చమని అంతకుముందు ఎన్నిసార్లో మొత్తుకున్నాడు. సుదర్శనరావు మాత్రం, నూకరాజే తాగొచ్చి వాల్వు విరగ్గొట్టాడని పోలీసులకి రాసిచ్చాడు. కల్లు కూడా ముట్టి ఎరగని మనిషి! అప్పట్నుంచీ ఊళ్లో మరిడమ్మ తాగుబోతు పెళ్లాం అయింది. ఆ రాత తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యామిని ఆమె పక్కనే పీటేసుకుని కూర్చుని నచ్చజెప్పింది. పెరిగిన జీతంతో ఆ మోకాళ్లకి ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అంది.

"కావాలమ్మా. నడవలేకపోతన్నాను" అంది మరిడమ్మ. "కానీ ఓనరుగారు కట్టుకునే మేడ డబ్బు చాలక పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. రోజూ ఇక్కణ్ణించి చూస్తన్నాను. అప్పుడు నొప్పి తెలీదు."

చివరికి సుదర్శనరావే షెడ్డులోకి వచ్చాడు. ఎంత కావాలో చెప్పమన్నాడు.

"మా ఆయన తాగలేదని రాసియ్యండి బాబూ. వాల్వు సంగతి కూడా రాయండి."

ఆయన వారం రోజులు గింజుకున్నాడు. ఐదేళ్లయింది, జరిమానాతో పోతుందని ప్లీడరు ధైర్యం చెప్పాక, ఆశ గెలిచింది. రాశాడు, సంతకం పెట్టాడు, ఆమె అడిగినట్టే షెడ్డులో అందరికీ వినబడేలా చదివాడు. ఆడవాళ్లు పని ఆపి విన్నారు. కొందరు తలొంచుకున్నారు.

తర్వాత వేలిముద్ర మిషన్ ఆమె ముందు పెట్టాడు. మరిడమ్మ కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. చేతికి మళ్లీ గ్లవ్ తొడుక్కుంది.

"ఇది ఆయన పేరుకి సరిపోయింది బాబూ. ప్రాణానికి ఇంకా ఉంది."

ఆ సాయంత్రమే కాగితం పోలీస్ స్టేషన్‌కి చేరింది.

ఆ ఏడు రాష్ట్రంలో యజమాని రాబడికీ కూలి జీతానికీ తేడా అతి తక్కువున్న ఫ్యాక్టరీ ఇదేనని తేలింది. మిగతాచోట్ల కింద రూపాయి పెరిగితే పైన ముప్ఫై పెరిగాయి; ఇక్కడ మరిడమ్మ జీతమూ పెరగలేదు, పైనా పెరగలేదు మరి! యామినికి బంగారు పతకం ఇచ్చారు. మరిడమ్మనీ వేదిక మీదికి పిలిచారు. మూడే మెట్లు, ఎక్కలేకపోయింది. బెయిలు మీదున్న సుదర్శనరావు కిందికి దిగొచ్చి ఆమెకి శాలువా కప్పాల్సి వచ్చింది.