పసుపెక్కిన కొండలు

పొద్దున్నే పెద్దాయన డార్క్‌రూమ్ బీరువా తెరిచి, పసుపెక్కిన ప్రింట్లన్నీ పెరట్లో కుప్ప పోశాడు. కొండలు, మంచు, మనిషి అడుగు పడని లోయలు. అడవి కాపలాదారు కొడుకు ఆయన. అక్షరాల కన్నా ముందు కాలిబాటలు నేర్చుకున్నవాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు కెమెరా భుజాన వేసుకుని ఆ లోయల్లోనే తిరిగేవాడు. ఇంటికొస్తే గబగబా ప్రింట్లు తీసేవాడు. మందు వదిలేదాకా వాటిని నీళ్ళలో కడగడం భార్య పని.

అగ్గిపెట్టె తీసేసరికి కూతురొచ్చింది. మ్యూజియంలో పాత ఫొటోలు బాగుచేసే ఉద్యోగం ఆమెది.

“ఏం చేస్తున్నారు నాన్నా?”

“చెత్త తగలబెడుతున్నా. మీ అమ్మ పనితనం చూడు. సరిగ్గా కడిగి చస్తే ఇలా అయ్యేవా?”

“చచ్చిపోయి మూడేళ్ళయింది. ఇంకా వదలరా ఆవిణ్ణి?”

“ఉన్నమాటే అన్నాను.”

ఆమె సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి, ఒక ప్రింటు అంచున రెండు చుక్కలు వేసింది.

“కడగడం చాలకపోతే మొదటి చుక్క రంగు మారుతుంది. ఫిక్సర్ పాతదైతే రెండోది మారుతుంది. చూడండి.”

మొదటి చుక్క నీళ్ళలా ఉండిపోయింది. రెండోది ముదురు గోధుమరంగు మచ్చయింది. ఇంకో ప్రింటు తీసింది. అదీ అంతే.

“ఫిక్సర్ కలిపేదెవరు?”

బొమ్మను కాగితం మీద నిలబెట్టే ఆ మందు కలిపేది పెద్దాయనే. బస్సు వేళయిపోతోందని, వాడేసిన మందులోనే మరో ఇరవై ప్రింట్లు ముంచి తీసి వెళ్ళిపోయేదీ ఆయనే.

“మీరు తిట్టినప్పుడల్లా అమ్మ ఇంకో గంట ఎక్కువ కడిగేది. పోయేదాకా తప్పు తనదేననుకుంది.”

“ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది.”

“నాకు నిన్ననే తెలిసింది. మ్యూజియంలో మీ ప్రింటొకటి పరీక్ష చేశాను. మీకెప్పుడో తెలియాల్సింది నాన్నా.”

అగ్గిపెట్టె జేబులోకి వెళ్ళింది. పెద్దాయన గుమ్మం మీద కూలబడ్డాడు. “నెగిటివ్‌లు బాగానే ఉన్నాయి. నాతో కలిసి మళ్ళీ తీస్తావా?” అన్నాడు.

“తీస్తాను. కడిగేది మాత్రం మీరే.”

మధ్యాహ్నానికి మొదటి లోయ కాగితం మీద తేలింది. ఈసారి ఫిక్సర్ కూతురే కొత్తది కలిపింది. పెద్దాయన తొట్టి ముందు నిలబడి చన్నీళ్ళలో చేతులు పెట్టాడు. పది నిమిషాలకే వేళ్ళు కొంకర్లు పోయాయి.

“ఇంకా యాభై నిమిషాలు,” అంది కూతురు గడియారం చూసి.

ఆయన చేతులు పైకి తీయలేదు. కళ్ళు తుడుచుకోవడానికైనా తీయలేదు.

“ప్రింటు మీద పడతాయి నాన్నా,” అంటూ ఆమె రుమాలుతో ఆయన మొహం తుడిచింది. అమ్మ క్షమించి ఉండేదని మాత్రం అనలేదు.