అటక మీద నడిచిన గౌను

మా థియేటర్‌లో గౌన్ల అటక పేరెత్తితే ప్యారిస్‌లో సగం మంది సిలువ గీసుకునేవారు. మిగతా సగానికి చెవుడు.

లియోకాడీ అనే నాట్యకత్తె గౌనుకి స్టేజీ మీది గ్యాస్ దీపం అంటుకుని, పాపం, ప్రాణం పోయింది. అప్పట్నించీ చీకటి పడితే దయ్యమై ఆ అటక మీద గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతుందని చెప్పుకునేవారు. దాన్ని చూసిన కాపలావాడికి ఒక్క రాత్రిలో జుట్టంతా తెల్లబడింది. మర్నాడు మీసం. మూడోనాడు వాడి గుర్రం కూడా!

నేనక్కడ గౌన్లకి గంజి పెట్టేదాన్ని. నా చిన్నతనంలో అవి పిక్కల కింద దాకా ఉండేవి. పాదాల పనితనం కనబడాలని ఏటేటా పైకి పాకి, మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇలాగే పోతే చివరికి నడుము చుట్టూ పళ్ళెమే మిగులుతుందని నేనంటే అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ పళ్ళేన్నే టుటు అంటున్నారు!

పొరలు పొరలుగా దోమతెర లాంటి గుడ్డ. నిప్పు చూస్తే భగ్గుమంటుంది. అందుకే ప్రతి గౌనూ పటిక నీళ్ళలో ముంచాలని పైవాళ్ళు హుకుం వేశారు. ముంచితే నిప్పంటుకోదు. కానీ తెల్లటి గౌను పాతబడ్డ పంటి రంగుకొస్తుంది, అప్పడంలా బిరుసెక్కుతుంది. కింద పెడితే దానంతటదే నిలబడుతుంది!

సిడోనీ అని ఒక పిల్ల. ఏళ్ళ తరబడి వెనక వరసలో ఎగిరెగిరి, ఎట్టకేలకి ఒంటరి నాట్యం దక్కించుకుంది. అది కుదరకపోతే మళ్ళీ వెనక వరసే... ఇక జన్మలో ముందుకి రాదు.

"అత్తా, ఆ పటిక గౌనేసుకుంటే మబ్బులా తేలుతానా? వడిలిన క్యాబేజీలా దొర్లుతాను!" అని నా దగ్గర ఏడ్చింది.

"క్యాబేజీ అయినా బతికుంటావే, పిచ్చిదానా," అన్నాను.

వింటేనా? ముంచని గౌనొకటి అటక మీద దాచుకుంది. నాట్యం రేపనగా, సాధన ముగిశాక, దానికోసం ఒక్కతే మెట్లెక్కింది.

తర్వాత జరిగింది అది చెప్పిందే — నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. రెండు మూడు తప్ప.

అటక మీదికి దీపం నిషేధం. చీకటి... పొరలు వాలిపోకుండా మేం గౌన్లని తలకిందులుగా వేలాడదీస్తాం. వందల కొద్దీ తెల్లటి ఆకారాలు — తల లేదు, కాళ్ళు లేవు — మెల్లగా ఊగుతున్నాయి.

సిడోనీ తడుముకుంటూ మూలకి నడిచింది. ఏదో భుజానికి తగిలి కింద పడింది.

చెవి పక్కనే ఎవరో...

"వద్దే, పిల్లా..."

సిడోనీ రాయిలా నిలబడిపోయింది.

నేల మీద గౌనొకటి నిటారుగా నిలబడింది. గరగర... గరగర... అది నడవడం మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ నడిచింది — సరిగ్గా ఆమె వైపే!

కేక పెట్టి సిడోనీ మెట్ల మీంచి దొర్లింది. ఆ కేకకి నది అవతల చర్చి గంట దానంతటదే మోగింది. సిడోనీ తిన్నగా వచ్చి నా గంజి బానలో పడింది.

"లియోకాడీ! నడుస్తోంది! నా వైపే!"

బట్టల గది పెద్ద మదాం గ్రివెల్, నేనూ మంట బయటికి రాని మూత లాంతరు పట్టుకుని పైకెక్కాం. గౌను ఇంకా తిరుగుతోంది. మదాం మూడుసార్లు సిలువ గీసుకుని, దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది.

కింద... మా థియేటర్ పిల్లి పొంపొన్! పైనుంచి పడ్డ పటిక గౌనులో ఇరుక్కుని దారి వెతుక్కుంటోంది.

"ఒసేయ్ ముండా!" అంది మదాం. పిల్లినో, సిడోనీనో, నేనడగలేదు.

వదలగానే పిల్లి మూలకి పరిగెత్తింది. అక్కడ సిడోనీ దాచుకున్న మెత్తటి గౌను మీద, కళ్ళు తెరవని కూనలు! బాలింత పొంపొన్‌కి ముంచని గౌనే పరుపు. ఇక దాన్ని దేవుడు కూడా ఉతకలేడు.

మర్నాడు సిడోనీ ఏడుస్తూ పటిక గౌనే వేసుకుంది. స్టేజీ అంచున గిర్రున తిరుగుతుంటే... గౌను కుచ్చు గ్యాస్ దీపానికి తగిలింది.

జనం ఊపిరి బిగబట్టారు.

బుస్సుమని కాస్త పొగ. అరచేతంత నల్లటి మచ్చ. అంతే! సిడోనీ కంగారుగా కాలు దులిపి, కుచ్చు విదిలించి, మళ్ళీ తిరిగింది. అదేదో కొత్త అడుగనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ వారమంతా ప్యారిస్‌లో ఆడపిల్లలు కాళ్ళు దులుపుకుంటూనే నడిచారు. సిడోనీ మళ్ళీ వెనక వరస మొహం చూడలేదు.

తెర పడ్డాక అది నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా... నడిచింది పొంపొనే. ఒప్పుకుంటాను."

"మరింకేం?"

"పిల్లి మ్యావంటుంది కదా... 'వద్దే, పిల్లా' అని ఎట్లా అంది?"

ఆ రాత్రే ఇద్దరం కలిసి అటక గుమ్మం దగ్గర గిన్నెడు పాలు పెట్టొచ్చాం — పిల్లికే.

పక్కన చిన్న పూలగుత్తి కూడా పెట్టాం. అది పిల్లికి కాదు.