ఒకే ఆవు, మూడు ఊర్లు

"అనంతగిరి ఆవును పోయిన నెలలోనే అమ్మేశారట. మరి ఈ నెత్తురు ఎవరిది?"

సంగీత ల్యాబ్‌లో ట్యూబు ఎత్తి గోవర్ధన్‌కు చూపించింది. బయట సూర్యాపేటలో వాన దంచుతోంది. తడిసిన తల తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు పాపం.

అతను పెన్‌పహాడ్ గోపాలమిత్ర. ఊళ్లు తిరిగి పశువులకు సూదులేస్తాడు, అడిగితే నెత్తురు తీసి ల్యాబ్‌కు తెస్తాడు. ఆమె కోదాడ పిల్ల. పశువుల ఒంటిని పట్టి నెత్తురు తాగే గోమార్లు కుట్టి ఆవులకొచ్చే జ్వరం మీద పీహెచ్‌డీ చేస్తోంది.

"అది... మా ఆవుదే మేడం."

"మిర్యాలగూడది?"

"గది గూడ మా ఆవుదే."

"పెన్‌పహాడ్‌ది?"

"అదైతే పక్కా మా ఆవుదే!" అన్నాడు, ఒక్కటన్నా నిజం రాశానన్న ధీమాతో.

సంగీతకు ఒళ్లు మండింది. శుక్రవారం సెమినార్. అతను వారానికొకటి తెచ్చిన మూడు ట్యూబులను మూడు ఊర్ల మూడు ఆవులవని గ్రాఫ్ గీసి గైడ్‌కు పంపేసింది కూడా. ఇవి తప్పని తేలితే మిగతా ముప్పై ఏడింటిని ఎవరు నమ్ముతారు? రెండేళ్ల పని నీళ్లపాలే.

"మీకసలు తెలుసా? ఆ జ్వరం తెచ్చే పరాన్నజీవి ఆవు నెత్తుటి కణం లోపలే కాపురం పెడుతుంది. అక్కడ ఆక్సిజన్ విషంలా మారి దాన్ని కాల్చేస్తుంటుంది. అది చావకుండా ఓ ఎంజైమ్ తయారుచేసుకుని ఆ మంట ఆర్పుకుంటుంది. ఒక్కో ఆవులో ఆ ఎంజైమ్ ఎంతుందో నేను చూస్తుంటే, మీరేమో..."

"అంటే ఇల్లరికం అల్లుడన్నట్టు మేడం. మామ ఎంత గరమైనా సల్లగ సర్దుకపోతడు."

ఆమెకు నవ్వొచ్చింది. కోపంలో నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

"నడవండి. సార్‌కు మీరే చెప్పాలి."

ఆమె గైడ్ ప్రొఫెసర్ రామనర్సయ్య అంతా విని కళ్లద్దాలు తీశాడు. "రోగమున్న ఆవుకు మందెయ్యకుండ ఉంచినవా?"

"లేదు సార్. మొదటి నెత్తురు తీసిన రోజే సూదేసిన. మంచిగ మేస్తున్నది, పాలిస్తున్నది."

"మూడు వారాలు వరుసగ నెత్తురు తియ్యనిచ్చిన్రా? రెండోసారి అడిగితేనే పాలు తగ్గుతయని తరుముతరు గద! ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న, ఒక్కరు ఒప్పుకోలే. మీ ఇంట్ల ఏం చెప్పి ఒప్పించినవ్?"

గోవర్ధన్ ఓరకంట సంగీతను చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"మా అమ్మకు నిజమే చెప్పిన సార్. ల్యాబ్‌ల ఒక పిల్ల ఉన్నది, ట్యూబు లేకపోతే ఆమెను సూసుడు కుదరదు అన్న. అమ్మే ఆవు తాడు పట్టుకున్నది. పాలు తగ్గితే తగ్గనియ్ బిడ్డా, పిల్ల మంచిదైతే సాలు అన్నది."

సంగీత చెవులు ఎర్రబడ్డాయి. గోడ మీద క్యాలెండర్‌లో ఏదో తేదీ వెతకడం మొదలుపెట్టింది.

రామనర్సయ్య నవ్వు ఆపుకున్నాడు. "ఆ గ్రాఫ్ తీసెయ్ సంగీతా. ఒకే ఆవు, మూడు వారాలు అని రాయి. పొరపాటు ఎట్ల జరిగిందో గూడ దాచకుండ రాయి. మందు పడ్డంక లోపల మిగిలిన పరాన్నజీవులు మంటను ఎట్ల తట్టుకుంటున్నయో వారం వారం తెలుస్తది. ఇంకో ఆరు వారాలు కావాలె. మిగతా ముప్పై ఏడు ఆవుల ఆసాములకు ఫోన్ చేసి సరిచూసుకో."

వరండాలోకి వచ్చాక గోవర్ధన్ తలవంచుకున్నాడు. "మాఫ్ చేయండి మేడం. మిమ్మల్ని పరేషాన్ చేసిన. ఆరు వారాలు నెత్తురు పంపిస్త, నేనైతే రాను."

"మీరే తేవాలి. ఇంకొకరి చేతికిస్తే నేను తీసుకోను."

అతని ముఖం వెలిగింది. బండి దగ్గరకు నడుస్తుంటే వెనక నుంచి పిలుపు.

"గోవర్ధన్! ఏడో వారం నువ్వు రాకు."

అతని కాళ్లు ఆగిపోయాయి.

"నేనే పెన్‌పహాడ్ వస్తాను. ఆ తాడు పట్టుకున్న అమ్మను చూడాలి."

"ఏమని చెప్పాలె మా అమ్మకు?"

సంగీత చున్నీ తల మీదకు లాక్కుని వానలోకి దిగింది. అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ పిల్లకు కూడా నువ్వంటే ఇష్టమేనని చెప్పు."