చిట్టిబాబు రెక్క మీద పులిపిరి

కౌంటర్ మీద పోలరాయిడ్ ఫోటో ఫట్‌మని పడింది.

"మీరు అమ్మిన చేపేగా ఇది? చూడండి ఏమైందో!"

అది ఎనభై ఆరో సంవత్సరం, వేసవి. శ్యామ్‌సుందర్ వెటర్నరీ కాలేజీలో చేపల జబ్బులు చదువుతూ శనివారాలు షికాగో దగ్గర అరోరాలో ఈ అక్వేరియం షాపులో పనిచేస్తున్నాడు. ఫోన్లో రూమ్మేట్‌తో "పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోకురా" అంటుండగా విన్నట్టుంది, ఆ అమ్మాయి నేరుగా తెలుగులోనే దిగింది. మనవాడు ఫోటో చూడాలి. ఆ అమ్మాయినే చూస్తూ నిలబడ్డాడు.

"హలో! చేప ఫోటోలో ఉంది."

ఉలిక్కిపడి ఫోటో తీశాడు. నీలం పసుపు ఏంజెల్ చేప. రెక్క అంచున తెల్లటి బుడిపె, చిన్న కాలీఫ్లవర్ పువ్వులా ఉంది.

"మా డాడీ ప్రాణం అది. పేరు చిట్టిబాబు. మమ్మీయేమో పులిపిరి, సున్నం రాద్దాం అంటోంది!"

"అయ్యబాబోయ్, చేపకి సున్నమా! ఆపండి. రేపు నేనొచ్చి చూస్తాను."

"హౌస్ కాల్ కూడా చేస్తారా?"

"చేప నడిచి రాలేదు కదండీ."

ఆ అమ్మాయి, పేరు వసుమతి, నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. ఆ నవ్వుకి శ్యామ్ పని అయిపోయింది.

ఆదివారం మైక్రోస్కోప్ చంకనపెట్టుకుని వెళ్లాడు. వసుమతి తండ్రి కృష్ణమూర్తి ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాడిలా చేతులు నలుపుకుంటున్నాడు. శ్యామ్ చేపని వలతో పట్టి, తడిగుడ్డలో పొదివి, బుడిపె నుంచి రవ్వంత ముక్క కత్తిరించి మళ్లీ నీళ్లలో వదిలాడు. మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలు సగ్గుబియ్యంలా ఉబ్బి ఉన్నాయి.

"కాన్సర్ కాదు అంకుల్. లింఫోసిస్టిస్ అని ఒక వైరస్."

"హమ్మయ్య! మందేమిటి?"

"మందు లేదు. నీళ్లు శుభ్రంగా ఉంచి, మంచి తిండి పెట్టి, బెదరకుండా చూసుకుంటే బుడిపె దానంతటదే పోతుంది. ఇంతకీ ఇది దేనికి బెదురుతోంది?"

వసుమతి తల్లి వైపు చూసింది. రాజేశ్వరమ్మ పైకప్పు వైపు చూసింది.

"చెప్పు మమ్మీ."

"ఏముందీ, నాలుగు వారాలుగా పెళ్లిచూపులు జరుగుతున్నాయి. వచ్చినవాళ్లని ఆ సోఫాలో కూర్చోబెడతాను. చేప ఎదురుగా ఉంటే శుభం కదా!"

"వచ్చేది పదిమంది. నేను కాఫీ తెచ్చేలోపు వాళ్ల పిల్లలు గ్లాసు మీద తబలా వాయిస్తారు," అంది వసుమతి. "ఫ్లాష్ కొట్టి ఫోటోలు కూడా."

శ్యామ్ ఇరుకున పడ్డాడు. వైద్యం చెబితే స్వార్థం అనుకుంటారు. చెప్పకపోతే చేప జబ్బు ముదురుతుంది. ఏమైతే అయిందని చెప్పేశాడు.

"ఆరు వారాలు ఈ గదిలోకి కొత్తవాళ్లెవరూ రాకూడదు ఆంటీ."

"అదేమిటి! వచ్చే శనివారం క్యారీ ఊరి నుంచి సంబంధం వస్తోంది. ఫార్మా కంపెనీలో ఉద్యోగం! పెళ్లిచూపులు ఇంకొకరింట్లో పెడతామా?"

"పోస్ట్‌పోన్ చెయ్యి," అన్నాడు కృష్ణమూర్తి.

"కూతురి పెళ్లి కంటే చేప ఎక్కువా?"

"కూతురు ఆరు వారాలు ఆగుతుంది. చిట్టిబాబు ఆగలేడు."

గుమ్మం దగ్గర వసుమతి గొంతు తగ్గించింది. "డాక్టరుగారూ, ఆ ప్రిస్క్రిప్షన్ నిజంగా చిట్టిబాబు కోసమేనా?"

"ఒట్టు. చిట్టిబాబు కోసమే."

"అయ్యో," అని తలుపేసేసింది.

ఆ అయ్యోకి అర్థమేమిటో తెలియక పాపం మనవాడు కారు తాళాల కోసం పావుగంట జేబులన్నీ వెతుక్కున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

తర్వాత ప్రతి ఆదివారం చెకప్. ఇద్దరూ కిచెన్లో పక్కపక్కన నిలబడి చిట్టిబాబు కోసం రొయ్యలూ పాలకూరా సన్నగా తరిగేవాళ్లు. మూడో వారానికి మీరు పోయి నువ్వు వచ్చింది. నాలుగో వారానికి బుడిపె సగమైంది. డాక్టరుగా అతనికి పండగే. మనిషిగా మాత్రం దిగులు పట్టుకుంది, ఇంకా రెండే ఆదివారాలున్నాయి!

ఆరో ఆదివారం రెక్క అద్దంలా మెరిసింది. కృష్ణమూర్తి శ్యామ్‌ని కౌగిలించుకున్నాడు. రాజేశ్వరమ్మ ఫోన్ దగ్గరికి నడిచింది.

"అయితే క్యారీ వాళ్లని రమ్మనొచ్చా బాబూ?"

ఇంకో రెండు వారాలు ఆగాలంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. కానీ రోగి విషయంలో అబద్ధం అతని నోట రాలేదు.

"చిట్టిబాబుకి పూర్తిగా తగ్గిపోయింది ఆంటీ. వాడికేం అభ్యంతరం లేదు." వసుమతి ఉన్న కిచెన్ వైపు ఓసారి చూశాడు. "నాకే ఉంది."

"నీకేమిటి నాయనా?"

"నాకు వసుమతి అంటే ఇష్టం. చాలా ఇష్టం. మా అమ్మా నాన్నా షికాగోలోనే ఉంటారు. ముందు వాళ్లని రమ్మనండి."

కృష్ణమూర్తి నవ్వు దాచుకోవడానికి చేప వైపు తిరిగాడు. రాజేశ్వరమ్మ రిసీవర్ పెట్టేసి, కళ్లజోడు సర్దుకుని, కుర్రాణ్ణి తలనుంచి పాదాల దాకా చూసింది.

"మీ గోత్రమేమిటి?"

శ్యామ్ నోరు తెరిచేలోపే కిచెన్లోంచి కేక వినిపించింది.

"గుళ్లో అర్చన చేయిస్తానని చెప్పి పోయిన వారమే అడిగేశాను మమ్మీ! మన గోత్రం కాదు!"